నూనె మానేసిన ఇంట్లో చేప వేపుడు

మా ఆవిడకి గుండెలో స్టెంట్ వేశాక డాక్టరు గారు నూనె వేపుళ్ళు మానేయమన్నారు. చేప తినొచ్చన్నారు. కానీ ఆవిడకి వేపుడు లేని చేప చప్పగా ఉంటుంది. అందుకని మా అబ్బాయి ఎయిర్ ఫ్రయర్ తెచ్చాడు.

అందులో నూనె కాగదు. పైన కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని ముక్కల చుట్టూ తిప్పుతుంది, అంతే.

ముల్లు తీయించిన కొరమీను ముక్కలు అరకిలో తెచ్చుకోండి. కడిగాక గుడ్డతో బాగా ఒత్తి తుడవాలి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, కొంచెమే ఉప్పు, ఒక చెంచా నూనె పట్టించి పావుగంట ఉంచండి. 200 డిగ్రీల దగ్గర పెట్టి ముందు 3 నిమిషాలు ఖాళీగా తిప్పండి. తర్వాత ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి 10, 12 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. నొక్కితే పొరలుగా విడిపోతే అయినట్టే.

ఇది 1500 వాట్ల దాకా లాగుతుంది, 15 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టండి. పావుగంటకి అర యూనిట్ కూడా కాలదు. మన ఊళ్ళల్లో వోల్టేజి పడిపోతే మోటారు నీళ్ళు తగ్గినట్టే దీని వేడీ తగ్గుతుంది. అప్పుడు టైము చూసి కాదు, ముక్క చూసి తీయండి.

మూకుట్లో వేగిన రుచి అచ్చంగా రాదు. అయినా మా ఆవిడ మళ్ళీ నాలుగు ముక్కలు ఇష్టంగా తింటోంది. మీ ఇంట్లో నూనె మానేసినవాళ్ళు ఉంటే, వాళ్ళ కంచంలోంచి చేపని కూడా తీసేయకండి.