పెరటి చెట్టుదాకా ప్రయాణం

పిల్లలూ! ఈ ప్రయాణానికి రైలెక్కనక్కరలేదు. పెరటితలుపు తీసి, నిమ్మచెట్టుదాకా నడవండి. కరివేపచెట్టయినా సరే. లేత ఆకులమీద ఆవగింజంత పసుపురంగు గుడ్లు వెతకండి. అవి నిమ్మ సీతాకోకచిలుక పెట్టినవి.

3, 4 రోజుల్లో గుడ్డునుంచి పురుగు వస్తుంది. అది అచ్చం పిట్టరెట్టలాగే ఉంటుంది! రెట్టను ఏ పిట్ట తింటుంది? అదే దానికి రక్ష. పెరిగాక పచ్చబడి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో తాకారంటే, తలవెనుక రెండు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది.

"ఆకులన్నీ తినేస్తున్నది, చంపెయ్యి" అంటారు పెద్దలు. చిన్న మొక్కయితే వారి మాట నిజమే. ఎదిగిన చెట్టు మాత్రం మళ్ళీ చిగురిస్తుంది. ఒక్క కొమ్మనైనా మందు చల్లకుండా వదలమని వారిని అడగండి.

తరువాత పురుగు నడుముకు పట్టుదారం కట్టుకొని, పుల్లకు ఆనుకొని, గూడుగా మారుతుంది. జాలిపడి ఆ గూడు చీల్చకండి. సీతాకోకచిలుక తనంతట తానే బయటపడాలి. ఆకు నమిలిన నోటికి బదులు ఇప్పుడు దానికి తేనె పీల్చే తొండం ఉంటుంది. పువ్వు పువ్వుకూ పుప్పొడి మోస్తుంది.

గుడ్డు కనిపించిన తేదీ పలకమీద రాసుకోండి. రెక్కలు విప్పడానికి ఎన్నాళ్ళు పట్టిందో మీరే లెక్క తేల్చండి.