గిలకలదిండి రేవు నుండి బెజవాడకు

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిబంధన అది. ఆ దినాల్లో మచిలీపట్నం దగ్గర గిలకలదిండి రేవులో వలలు బాగుచేసుకోవడం, బోట్లకు రంగు వేయడం తప్ప పని ఉండదు, రాబడీ ఉండదు. 2025 మే నెలలో మా బంధువుల బోటు మీద పనిచేసే ఏడుగురు ఒక్కరోజు బెజవాడ చూసి వద్దామనుకొని, దారి చూపమని నన్ను పిలిచారు. రోజుల తరబడి నేల కనబడని చోట వేటాడి తిన్నగా రేవుకు చేరేవాళ్లకు నేను దారి చూపడమేమిటని నవ్వుకుంటూ బయలుదేరాను.

బస్టాండులో దిగి ముందుగా ప్రకాశం బ్యారేజీకి నడిచాము. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957 నాటికి దీనిని కట్టారు. 70 గేట్లు. సుమారు 13 లక్షల ఎకరాలకు నీరిచ్చేది ఇదే. సరంగు వంతెన మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. పైన నిండు నీరు, కింద ఇసుక తిన్నెలు. ఆయన పుట్టింది నాగాయలంక వైపు, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర.

"మా మొగ దాకా రాని నీళ్లు ఇయ్యేనా తమ్ముడూ?" అన్నాడు. "వరద దిగిన ఏడు రొయ్య బాగా పడుద్ది. దిగని ఏడు వల ఈడ్చిన కూలి కూడా రాదు."

నా మూడెకరాలు పండేది ఆ గేట్లు మూయబట్టే. ఏమి జవాబు చెప్పను? ఊరుకున్నాను.

2024 సెప్టెంబరు 2న ఈ గేట్ల గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. పైనుండి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకొని కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. ఆ సంగతి చెప్పగానే మావాళ్లు నగరం చూడ్డం మరిచిపోయి, అంత ప్రవాహానికి ఎంత లావు తాడు కావాలి, ఎన్ని లంగర్లు వేయాలి అని అరగంట వాదించుకున్నారు.

గాంధీకొండ ఎక్కాము, బాపు మ్యూజియం చూశాము. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య గారిది మన భట్లపెనుమర్రేనని చెబితే కుర్రవాళ్లు సంతోషించారు. ఎండ మాత్రం మండిపోయింది.

భోజనాలయ్యాక అందరిలో చిన్నవాడు, "మావయ్యా, సింగ్ నగర్ పోదామా?" అని సరంగును అడిగాడు. అక్కడ చూడ్డానికి ఏముందని మిగతావాళ్లు విసుక్కున్నారు. బుడమేరు పొంగి ఆ పేటలు మునిగినప్పుడు ఈ అబ్బాయి పడవతో వచ్చి నాలుగు రోజులు అక్కడే ఉన్నాడట. నాతో ఎన్నడూ చెప్పలేదు.

ఫ్లైఓవరు దిగాక దారి గుర్తుపట్టలేక తికమకపడ్డాడు. "అప్పుడు ఈ కరెంటు తీగలు చేతికందేయి" అన్నాడు. చివరికొక మేడ ముందు ఆగాడు. కిటికీకి పైన గోడ మీద మట్టిగీత ఇంకా ఉంది. తలుపు తీసిన ముసలమ్మ ఎవరు మీరంది.

"మీరు పైనుంచి తాడుతో బకెట్టు దింపేవారమ్మా. పాల ప్యాకెట్లు వేసేవాణ్ణి."

ఆమె కాసేపు చూసింది. "పడవబ్బాయివా? గడ్డం పెంచావేమిరా?" అంటూ చెయ్యి పట్టుకొని లోపలికి లాగింది. ఎనిమిది మందిమి మెట్ల మీద కూర్చున్నాము. గ్లాసులు చాలక గిన్నెల్లో కూడా మజ్జిగ పోసింది.

"సముద్రంలో భయమెయ్యదురా నీకు?"

"అక్కడ నీళ్లల్లో గోడలు, స్తంభాలు ఉండవు గదమ్మా. మీ వీధిలోనే భయమేసింది."

ఎండుచేపలు తినాలని ఉందని ఆమె అడిగింది. వేట మొదలయ్యాక తెస్తానన్నాడు. తిరుగు బస్సులో ఆ సంగతే ఎత్తి, జూన్ 14కు ఇంకా ఇరవైమూడు రోజులుందని సరంగు వేళ్ల మీద లెక్క చూశాడు.