ఒక్క 'టు' తెచ్చిన తంటా

నేను ఏడవ తరగతిలో ఉండగా ఒకనాడు స్నేహితుడితో కలబడ్డాను. మేష్టారు మమ్మల్ని విడదీసి, "ఇకమీదట బుద్ధిగా ఉంటామని ఇంగ్లీషులో రాసి, నాన్నగారిచేత సంతకం చేయించుకు రండి," అన్నారు.

పోట్లాడననీ, బాగా చదువుతాననీ నా ఉద్దేశం. 'ఐ ప్రామిస్ నాట్ టు ఫైట్ అండ్ స్టడీ వెల్' అని రాశాను.

నాన్నగారు చూసి, "పోట్లాడవు, సరే. చదవను కూడా చదవవా?" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది.

ఆయన దగ్గర కూర్చోబెట్టుకుని ఇలా చెప్పారు:

"తెలుగులో 'పోట్లాడను' అంటే, ఆ కాదనడం ఆ మాటలోనే ఉంటుంది, 'చదువుతాను'కు అంటదు. ఇంగ్లీషులో 'నాట్ టు' ముందు నిలుస్తుంది. 'టు రీడ్ అండ్ రైట్' అన్నప్పుడు ఒకే 'టు' రెండు క్రియలకూ చెల్లడం లేదూ? నీ వాక్యంలో 'నాట్' కూడా అలాగే రెండింటికీ చెల్లింది. రెండవదానికి వేరే 'టు' పెట్టు. 'అండ్' తీసి 'బట్' పెడితే సందేహమే ఉండదు."

'ఐ ప్రామిస్ నాట్ టు ఫైట్ బట్ టు స్టడీ వెల్' అని తిరగరాశాను. నాన్నగారు సంతకం చేశారు.

వాక్యం దిద్దడానికి ఒక్క నిమిషం పట్టింది. మాట నిలబెట్టుకోవడానికి ఏడాది పట్టింది!