పులిజూదం నుంచి ఫిరంగుల దాకా

దసరాకు బెంగళూరు నుంచి తాడిమర్రి వచ్చిన మావాడు ఓ పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. 'అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్' అట. రెండో ప్రపంచ యుద్ధం మీద 1985లో అమెరికాలో వచ్చిన ఆట. కొన్ని నెలలుగా ఫోన్లో "ఊఁ" తప్ప ఇంకో మాట లేనివాడు "ఆడతావామ్మా?" అన్నాడు. చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడిన మూడు పులులు, పదిహేను మేకల ఆట తప్ప నాకేం తెలుసు? అయినా సరేనన్నాను.

సిపాయిల సంగతి ఎలాగో పట్టుబడింది. ట్యాంకులకు మాత్రం ముందు వైపు ఇనుము మందం, పక్కల పల్చన. ఎటు తిరిగి నిలబడిందో చూసుకోవాలి. నావన్నీ శత్రువుకు పక్కలు చూపిస్తూ నిలబడ్డాయి!

అసలు తిప్పలు దూరపు ఫిరంగులతో. ముందు పాచికలేసి రేడియో కలపాలి. కలిసినా చీటీ తీయాలి. నల్లది వస్తేనే గుండ్లు దక్కేది. ఎర్రది వస్తే ఈసారికి లేవు, రెండోసారీ ఎర్రదే అయితే ఆ రేడియో ఇక పోయినట్టే. అన్నీ కుదిరినా గుండు ఎక్కడో పక్కన పడొచ్చు.

"నీకు ఫోన్ చేయడమూ ఇంతే కదరా" అన్నాను నవ్వుతూ.

వాడు నవ్వలేదు. కాసేపటికి, ఉద్యోగం పోయి నాలుగు నెలలైందని చెప్పాడు.

నేనేమీ అడగలేదు. రెండు ఓళిగలు నెయ్యేసి పెట్టి, "నీ వంతు, వేయి" అన్నాను.

ఆ రాత్రి ఓడిపోయాను. తెల్లారి పెట్టె నేనే తీశాను. ఈసారి ఆడుతూ, మిగతాదంతా వాడే చెప్పుకొచ్చాడు.