స్వెట్టర్ వేసుకుని గోల్ఫ్‌కి

గోల్ఫ్ చూడటానికి బయల్దేరుతుంటే మా అల్లుడు అడిగిన మొదటి మాట, "మామయ్యా, స్వెట్టర్ పెట్టుకున్నారా?" అని. ఫ్లోరిడాలో ఫిబ్రవరి అంటే చొక్కా కింద బనీను కూడా బరువే. స్వెట్టరెందుకు నాయనా అంటే, "ఆట లోపల. ఏసీ గట్టిగా ఉంటుంది" అన్నాడు. గోల్ఫ్ లోపలాడటమేమిటో నాకు అంతుబట్టలేదు. హైదరాబాదులో గోల్కొండ కోట చూడబోయినప్పుడు నయా ఖిల్లా వైపు కనిపించిన పచ్చగడ్డి, దాని మీద నీడలా కదిలే నలుగురు మనుషులు, అంతవరకే నాకు గోల్ఫ్ తెలుసు. ముప్పై ఏళ్లు గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. గడ్డి కన్నా పాయింట్ల పట్టికే నాకు దగ్గరి చుట్టం.

2025 ఫిబ్రవరి 18, మంగళవారం. ఓర్లాండో నుంచి పామ్ బీచ్ గార్డెన్స్‌కి టర్న్‌పైక్ మీద రెండున్నర గంటలు. గీత గీసినట్టు రోడ్డు, అటూ ఇటూ చదును నేల, కాలవలు. ఒంగోలు దాటి నెల్లూరు వైపు వెళ్తున్నట్టే ఉంటుంది, టీ కొట్లు మాత్రం ఉండవు. దారిలో యీహా జంక్షన్ అని ఓ బోర్డు వచ్చింది. మన బిట్రగుంటలు, గూడూరుల్లాగా ఓ ఊరు పేరే! నేను రెండుసార్లు పైకి చదివి నవ్వుకున్నాను. కాలవ గట్టున మొసలి కనబడుతుందన్నారు. నాకు కనబడినవన్నీ చిరిగిన లారీ టైరు ముక్కలే.

టైగర్ వుడ్స్, రోరీ మెకిల్‌రాయ్ కలిసి పెట్టిన టీజీఎల్ అనే లీగు ఇది. ఆరు జట్లు. అందరూ ఒకే చోట, సోఫై సెంటర్‌లోనే ఆడతారు. స్టేడియం ఎక్కడో ఊరి బయట ఉంటుందనుకున్నాను. ఫోన్ మమ్మల్ని పామ్ బీచ్ స్టేట్ కాలేజీ ఆవరణలోకి తీసుకెళ్లి, "మీరు చేరుకున్నారు" అంది. చుట్టూ తరగతి గదులు, పార్కింగు. ఎవరో పిల్లాణ్ణి అడిగితే చెయ్యి చూపించాడు. అటు వెళ్తే ఇంకో పార్కింగు. లెక్చరర్‌గా రిటైరయ్యాక మళ్లీ కాలేజీలో దారి తప్పి తిరగడం నా నుదుటనే రాసి ఉంది. మా అమ్మాయి కట్టిచ్చిన పులిహోర కారులోనే కూర్చుని తిన్నాం. తలెత్తితే ఎదురుగా చెట్ల మీదుగా ఆ పెద్ద భవనం కనిపించింది. ఇంతసేపూ దాని చుట్టూనే తిరిగామన్నమాట. ఈ భవనానికీ ఓ కథుంది. లీగు 2024 జనవరిలోనే మొదలవ్వాల్సింది. 2023 నవంబరులో కరెంటు పోయి, గాలితో నిలబెట్టిన గుడారం కప్పు కూలిపోయింది. దాంతో ఏడాది వాయిదా. కరెంటు పోతే పెళ్లి ఆగడం మనకే చెల్లిందనుకున్నాను ఇన్నాళ్లూ.

లోపల పదిహేను వందల సీట్లు, అంటే మనవైపు పెద్ద సినిమా హాలు కన్నా కాస్త ఎక్కువ. ఓ చివర 64 అడుగులకు 53 అడుగుల తెర. ఆటగాడు నిజం గడ్డి మీద నిలబడి బంతిని ఆ తెరలోకి కొడతాడు. బంతి తెరకు తగిలి టప్పున కింద పడుతుంది. తెరలో మాత్రం సముద్రం మీదుగా, కొండల మీదుగా ఎగిరిపోతూ ఉంటుంది. యాభై గజాల లోపుకి వచ్చాక అందరూ ఇటు తిరిగి, మా ముందున్న నిజమైన గ్రీన్, అంటే హోల్ ఉండే నున్నటి నేల మీదికి నడిచొస్తారు. ఇంతవరకూ వీడియో గేమ్, ఇకనుంచి అసలు ఆట.

ఆ గ్రీనే నన్ను కట్టిపడేసింది. ఒక హోల్ అవగానే నేల గుండ్రంగా తిరుగుతుంది, కింద యంత్రాలు లేచి వాలు మారుస్తాయి. ఇందాక గుంట ఉన్నచోట ఇప్పుడు మిట్ట. సురభి వాళ్ల నాటకంలో తెర పడి లేచేలోగా అడవి రాజసభ అయిపోతుంది చూడండి, అచ్చం అలాగే. తేడా ఏమిటంటే ఇక్కడ తెర దించరు, మార్పంతా మన కళ్ల ముందే. మీరెప్పుడైనా వెళ్తే తెరకు దగ్గర సీటు కోసం ఆశపడకండి, గ్రీన్ పక్కన తీసుకోండి. తెర ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది.

నా పక్క సీట్లో ఓ పెద్దాయన. న్యూయార్క్ చలికి తాళలేక ఏటా శీతాకాలం ఇక్కడికి దిగిపోతారట. ఇలాంటి వాళ్లని ఇక్కడ మంచు పక్షులంటారని అల్లుడు చెవిలో చెప్పాడు. నేలపట్టు చెరువుకి వచ్చే కొంగల్లాగా. పిల్లల దగ్గరికి ఆర్నెల్లకి వచ్చే మనమూ ఆ జాతే కదా! ఆయన న్యూయార్క్ జట్టు మనిషి. నేను ఎవరి మనిషినని అడిగారు. ఆ రాత్రి ఆట న్యూయార్క్‌కీ, టైగర్ వుడ్స్ ఉన్న జూపిటర్ లింక్స్‌కీ. నేను మాత్రం లాస్ ఏంజెలెస్ అన్నాను. ఆ జట్టులో తీగల సాహిత్ ఉన్నాడు. పుట్టింది కాలిఫోర్నియాలోనే అయినా అమ్మానాన్నలది హైదరాబాదు. ఇంటిపేరు వినగానే మనవాడు అనిపించే పిచ్చి మనకు ఎలాగూ ఉంది.

"అయితే మీరు నిశ్చింతగా ఉండండి, మాకే ఒక్కో పాయింటు ప్రాణం" అన్నారాయన. ఇక నా నోట్‌బుక్ బయటికొచ్చింది. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఒక్కోసారి ఆడుతుంది. గెలిస్తే రెండు పాయింట్లు. మామూలుగా ఓడితే సున్నా. పదిహేను హోల్స్ అయ్యేసరికి సమమైతే, బంతిని హోల్‌కి ఎవరు దగ్గరగా ఆపుతారని పోటీ. అందులో ముందు రెండుసార్లు నెగ్గినవాళ్లదే గెలుపు. అలా ఓడిన జట్టుకి మాత్రం ఒక పాయింటు.

"ఓడినా పాయింటా?" అన్నాను. ఐస్ హాకీలో ఎప్పటినుంచో ఉన్నదేనని ఆయన నన్నే జాలిగా చూశారు. మన ప్రో కబడ్డీలోనూ అప్పట్లో ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడితే ఒకటిచ్చేవారు, అది గుర్తొచ్చి నేనే సర్దుకున్నాను. చివరికి పట్టికలో పైనున్న నాలుగు జట్లు సెమీస్‌కి, కింది రెండూ ఇంటికి.

ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. షాట్‌కి నలభై సెకన్లే. గడువు దగ్గరపడుతుంటే హాలంతా గుండె చప్పుడు వినిపిస్తారు. నాకు నా గుండేనేమోనని అనుమానం వచ్చింది. ఇంకోటి హ్యామర్. ఒక జట్టు హ్యామర్ విసిరితే ఆ హోల్ విలువ పెరుగుతుంది. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే హోల్ వదులుకోవాలి. రమ్మీలో ముక్కలు చూసుకుని డ్రాప్ కొట్టినట్టే! లెక్కల మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

పదమూడో హోల్ దగ్గర వింత జరిగింది. టైగర్‌కి ఇంకా 199 గజాలుంది. ఆయన చెవికి 99 అని చేరింది. వంద గజాల దెబ్బ కొట్టాడు. తెరలో బంతి చక్కగా సగం దారిలో దిగి కూర్చుంది. జట్టువాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు, ఆయన కూడా తల పట్టుకుని నవ్వాడు. ప్రశ్నలో అంకె సరిగ్గా చూసుకోకుండా ఆన్సరంతా రాసేసిన పిల్లలు ఎంతమందిని చూశానో! ఇంత గొప్పవాడూ అదే చేశాడంటే వాళ్లందరినీ అనవసరంగా కేకలేశాననిపించింది.

న్యూయార్క్ 10-3తో గెలిచింది. పెద్దాయన లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "ఇంత తేడాతో గెలిచారు, ఎక్కువ పాయింట్లేమైనా?" అన్నాను. "రెండే" అన్నారు. పదికి మూడైనా, నాలుగుకి మూడైనా ఆ రెండే. నిజానికి జనవరి 7న లీగు తొలి ఆటలో బే జట్టు చేతిలో 9-2తో చావుదెబ్బ తిన్నది ఈ న్యూయార్కే.

తిరిగొచ్చాక కూడా నోట్‌బుక్ మూయలేదు. లీగ్ దశ పూర్తయ్యేసరికి పట్టిక చూసి నవ్వాగలేదు. కిందపడ్డ రెండు జట్లు ఏవో తెలుసా? టైగర్ జూపిటర్, రోరీ బోస్టన్. పందిరేసిన ఇంటివాళ్లకే విస్తరి దొరకలేదు. బోస్టన్‌కి వచ్చింది ఒక్కటంటే ఒక్క పాయింటు. అదీ జూపిటర్‌తో అదనపు పోటీలో ఓడినందుకు ఇచ్చిన ఓదార్పు పాయింటు. ఓడినా ఇస్తారా అని వెక్కిరించానే, అది లేకపోతే ఆ గడిలో సున్నానే ఉండేది.

పట్టికలో మొదటిది లాస్ ఏంజెలెస్. నాలుగోది న్యూయార్క్. నిబంధన ప్రకారం మొదటిదానికీ నాలుగోదానికీ సెమీస్. అక్కడే నాకు తిక్కరేగింది. "బాబూ, మొదటి స్థానానికి లాభమేంటి?" అని అల్లుణ్ణి అడిగాను. మన ఐపీఎల్‌లో పై ఇద్దరికీ రెండో అవకాశం ఉంటుంది. 2024లో హైదరాబాద్ సన్‌రైజర్స్ మొదటి క్వాలిఫయర్‌లో ఓడి కూడా రెండోదాంట్లో గెలిచి ఫైనల్ దాకా వెళ్లింది. ఇక్కడ అదేం లేదు. పైగా ఫైనల్‌కి మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్లదే కప్పు. ఒకసారి జారినా లేవొచ్చు. సెమీస్‌లో జారితే మాత్రం అంతే.

"మామయ్యా, మీ పిల్లలకి మీరేం చెప్పేవారు? మెయిన్స్ ర్యాంకు చూసుకుని మురిసిపోవద్దని కాదూ?" అన్నాడు వాడు. నోరు మూతపడింది. జేఈఈ మెయిన్స్‌లో పైనుంచి రెండున్నర లక్షల మందిని అడ్వాన్స్‌డ్‌కి రానిస్తారు. గేటు దాటాక అందరి పేపరూ తెల్లకాగితమే. మెయిన్స్‌లో ఎన్నొచ్చాయని అక్కడ అడిగే నాథుడుండడు. ఆ మాట ఏటా ఫిబ్రవరిలో బోర్డు దగ్గర నిలబడి చెప్పినవాణ్ణి నేనే. నమ్మడం మాత్రం కష్టంగా ఉంది.

మార్చి 17 రాత్రి టీవీ ముందు కూర్చున్నాం. గుండె చప్పుడు టీవీలోనూ వినిపించింది. న్యూయార్క్ 6-4తో గెలిచింది. మా మంచు పక్షి ఎక్కడో సీట్లోంచి లేచి పక్కవాళ్లకు షేక్‌హ్యాండ్ ఇస్తూ ఉంటారు. (తర్వాత ఫైనల్లో అట్లాంటా ఆయన జట్టుని రెండు ఆటల్లోనే ఊడ్చేసింది, అది వేరే సంగతి.)

మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది. "నాన్నా, మనవాళ్లకి ఎన్నో ర్యాంకు?"

"మొదటి ర్యాంకేనమ్మా" అన్నాను.

"మరి టీవీ కట్టేశారేం?"