మేము అడగని ప్రశ్న

ఫిజియోథెరపీ చదువు చివర మేము ఒక మిషను ఆసుపత్రిలో పని నేర్చుకొనుటకు వెళ్లాము. కండరాల పేర్లన్నీ కంఠస్థమే, ఇక మాకేమి కొదువ అనుకున్నాము.

నాట్లు వేసే ఒక పెద్దమ్మ 2 ఏళ్ల నడుము నొప్పితో వచ్చింది. ప్రమాదమేమీ లేదని డాక్టరుగారు చూసి చెప్పారు. కాపడం పెట్టాము, వ్యాయామాలు నేర్పాము. 3 వారాలైనా తగ్గలేదు. ఇంటి దగ్గర చేయడం లేదని లోలోపల విసుక్కున్నాము కూడా.

మా టీచరమ్మగారు ఆమె ప్రక్కన కూర్చొని, "రాత్రి నిద్ర పడుతుందా అమ్మా?" అని అడిగారు. అంతే, ఆమె కన్నీళ్లు ఆగలేదు. భర్త పోయినప్పటి నుండి నిద్ర లేదట. వంగితే వెన్ను విరుగుతుందని భయమట.

3 నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు గాయం మానినా నరాలు హెచ్చరిస్తూనే ఉంటాయి. నిద్రలేమి, దిగులు, భయం దానిని పెంచుతాయి. నొప్పి మాత్రం అబద్ధం కాదు. ఇదంతా పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే!

నీకేమి కావాలి పెద్దమ్మా అని అప్పుడు అడిగాము. ఆదివారం ఆరాధనలో చాప మీద చివరిదాకా కూర్చోవాలన్నది. రోజుకు 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వంగడం కొద్దికొద్దిగా అలవాటు చేయించాము. మేము తిరిగి వచ్చే నాటికి నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఆరాధనలో ఒక్కసారే లేచానని వచ్చి చెప్పింది. "ఆవేళ పాస్టరుగారు ప్రసంగం పొడిగించారు కూడా" అని నవ్వింది.