కొట్టు ముందు జాగా

డొనాల్డ్ షూప్ రాసిన ‘ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్’ అనే పుస్తకం ఏడువందల పేజీలు దాటుతుంది. పార్కింగ్ గురించి ఏడువందల పేజీలు! నేను సాధారణంగా ఇలాంటివి చదివేవాణ్ణి కాదు. మా నాన్న కొట్టు గోడ మీద ఎర్రరంగు గీత ఒకటి పడిందని తెలిసిన వారంలో మొదలుపెట్టాను. మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తారట. ఆ గీత దాకా పోతుందట. గీత అరుగు దాటి, మెట్లు దాటి, గోడకి అయిదడుగుల లోపల ఉంది. మాది స్టీలు సామాన్ల కొట్టు, మొత్తం పద్దెనిమిది అడుగుల లోతు. బిందెలూ గుండిగలూ వేలాడే ముందు భాగమే కొట్టు. వెనక ఉన్నది గోడౌను. అయిదడుగులు పోతే మిగిలేది గోడౌనే.

ఊరి పేరు రాయను. డెల్టాలో ఉంది. కాలువ, కాలువ మీద ఇరుకు వంతెన, రైల్వే గేటు, గాంధీ బొమ్మ సెంటరు, అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డు. చాలామంది పాఠకులు తమ ఊరే అనుకోవచ్చు, అనుకున్నా తప్పులేదు. మా రోడ్డు కాగితం మీద నలభై అడుగులు. తెల్లవారుఝామున చూస్తే నిజంగానే నలభై ఉంటుంది. సాయంత్రం ఆరింటికి మాత్రం రెండువైపులా రెండేసి వరసల మోటార్ సైకిళ్ళు, వాటి పక్కన ఎవరి కోసమో ఆగిన షేర్ ఆటో, ఆ వెనక పెళ్ళి బట్టలకొచ్చిన పల్లెటూరి కారు. అరటిపళ్ళ తోపుడు బండి సంగతి సరే సరి. ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రోడ్డు చాలట్లేదు కాబట్టి వెడల్పు చేయాలి అనే మాట అక్కడ నిలబడి వింటే ఎంత సబబుగా ఉంటుందో!

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు రెండు రోజులు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నాన్న సంబరపడ్డాడు, కొడుకు వ్యాపారం చూస్తున్నాడని. నేను చూసింది బళ్ళని. మా కొట్టు ముందు అయిదు బళ్ళు పడతాయి. పొద్దున పదయ్యేసరికి ఒకటి నాన్నది, ఒకటి మా గుమాస్తాది. మూడోది పక్క మందుల షాపాయనది. ఆయన షాపు ముందు ఎప్పుడూ జనం, అందుకని తన బండి మన ముందు పెడతాడు. నాలుగోది ఎవరిదో చాలాసేపు తెలియలేదు. పొద్దున రైలుకి విజయవాడ ఉద్యోగానికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి దిగే మనిషిదట. ఇక కొనడానికి వచ్చేవాళ్ళకి మిగిలింది ఒక్క బండి జాగా. మిగతా అందరూ రెండో వరస. ఆ రెండో వరసే ట్రాఫిక్ జాము. అంటే మా రోడ్డుని ఇరుకు చేస్తున్నది ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు కాదు, ఆ రోడ్డు మీద బతికే మేమే.

షూప్ పుస్తకంలో పాసడీనా కథ చదువుతూ ఉలిక్కిపడింది ఇందుకే. కాలిఫోర్నియాలో లాస్ ఏంజలస్ పక్క ఊరు. 1929లో అక్కడి ముఖ్యమైన వీధి కొలరాడో బొలెవార్డుని 28 అడుగులు వెడల్పు చేశారు. రెండువైపులా ఒక్కో భవనం ముందు నుంచి 14 అడుగులు కోసేశారు. యజమానులు ముఖాలు తీసేసి కొత్త ముఖాలు కట్టుకున్నారు. తర్వాత కొన్ని దశాబ్దాలకి ఆ పాత బజారు బాగా దెబ్బతింది. 1970ల నాటికి మంచివాళ్ళు అటు వెళ్ళరని పేరుపడింది. మళ్ళీ కోలుకోవడం మొదలయ్యాక వచ్చిన సమస్య పార్కింగే. 1993 వరకూ అక్కడ మీటర్లు లేవు. రెండు గంటలకి మించి ఉంచకూడదన్న నిబంధన ఒక్కటే. షాపుల్లో పనిచేసేవాళ్ళు షాపు ముందే కారు పెట్టి, రెండు గంటలకోసారి బయటికొచ్చి కాస్త జరిపి, మళ్ళీ లోపలికి పోయేవాళ్ళట. కొనేవాళ్ళకి చోటుండేది కాదు. మా గుమాస్తాకి ఆ జరిపే శ్రమ కూడా లేదు, అంతే తేడా.

ఊరు మీటర్లు పెడతానంటే వర్తకులు అడ్డం తిరిగారు. గంటకి డాలరు కట్టి ఎవడొస్తాడు అన్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు: మీటర్ల మీద మిగిలే డబ్బు ఊరి ఖజానాలో కలవకూడదు, ఆ బజారుకే ఖర్చు పెట్టాలి. ఆ రాబడిని చూపించి ఊరు 50 లక్షల డాలర్లు అప్పు తెచ్చి కాలిబాటలూ, దీపాలూ, చెట్లూ, వెనక సందులూ బాగుచేసింది. వెస్ట్‌వుడ్ విలేజ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకప్పుడు పాసడీనా వాళ్ళు షికారుకి అక్కడికి పోయేవాళ్ళు, తర్వాత అటువాళ్ళు ఇటు రావడం మొదలైంది. ఆ వెస్ట్‌వుడ్‌లోనే షూప్ విద్యార్థులతో కలిసి జాగా కోసం తిరిగే తిరుగుడుని కొలిచాడు. సగటున కారుకి 3.3 నిమిషాలు. వినడానికి ఏముంది మూడు నిమిషాలు? కానీ పదిహేను బ్లాకులున్న ఆ చిన్న బజారులో ఏడాదికి అది తొమ్మిదిన్నర లక్షల మైళ్ళవుతుంది. ఎక్కడికీ వెళ్ళని ప్రయాణం.

షూప్ ఇచ్చే మందు సూటిగా ఉంటుంది. వీధిలో జాగాలు ఎప్పుడూ 85 శాతం దాకానే నిండి ఉండేలా ధర పెట్టు. ఎక్కువ నిండితే ధర పెంచు, ఖాళీగా ఉంటే తగ్గించు. ఈ 85 దగ్గర నాలోని సాఫ్ట్‌వేర్ వాడు లేచి కూర్చున్నాడు. హాష్ టేబుల్ రాసినవాళ్ళకి ఈ వ్యవహారం కొత్త కాదు. ఒక కీకి దక్కాల్సిన గడి నిండి ఉంటే పక్క గడి చూడు, అదీ నిండితే ఆ పక్కది. దీన్ని లీనియర్ ప్రోబింగ్ అంటారు. సెంటర్లో బండి పెట్టడానికి పోయినవాడు చేసేదీ అదే. 1963లో డొనాల్డ్ కనూత్ దీనికి లెక్క కట్టాడు (ఇద్దరూ డొనాల్డులే). టేబుల్ సగం నిండితే ఖాళీ గడి దొరకడానికి సగటున రెండున్నర గళ్ళు చూస్తే చాలు. ముప్పాతిక నిండితే ఎనిమిదిన్నర. తొంభై శాతం నిండితే యాభై. నిండుతున్న కొద్దీ కష్టం మెట్లెక్కినట్టు పెరగదు, గోడెక్కినట్టు పెరుగుతుంది. కాబట్టి సెంటర్లో బళ్ళన్నీ తీసేయనక్కర్లేదు. పదింటిలో ఒకటో రెండో తీస్తే చాలు, గోడ దిగిపోతాం.

ఇంకో సంగతి కూడా ఉంది. పైథాన్‌లో డిక్షనరీ మూడింట రెండు వంతులు నిండగానే తనంతట తానే పెద్ద టేబుల్‌కి మారిపోతుంది. రోడ్డు వెడల్పు చేయడం అంటే అదే. తేడా ఏమిటంటే మెమరీకి అరుగులుండవు, మెట్లుండవు, ముప్ఫయ్యేళ్ళుగా వేలాడుతున్న బిందెలుండవు. పైగా టేబుల్ పెరిగిందని తెలిసి కొత్త కీలు పరిగెత్తుకు రావు. రోడ్డు మీదికి వస్తాయి. మా ఊళ్ళోనే స్టేషన్ వైపు రోడ్డు ఆ మధ్య వెడల్పు చేశారు. ఇప్పుడక్కడ మూడో వరస బళ్ళు పెడుతున్నారు.

ఉపమానాన్ని మరీ లాగకూడదు. హాష్ టేబుల్‌లో ఏ కీ అయినా గడి దొరక్కపోతే రోడ్డు మధ్యలో ఇండికేటర్లు వేసుకుని ‘ఒక్క నిమిషం’ అనదు. ఇక్కడే షూప్ పుస్తకం కూడా మనకి సగమే పనికొస్తుంది. ఆయన లోకమంతా కార్లు. అమెరికాలో ప్రతి భవనానికీ ఇన్ని పార్కింగ్ జాగాలు ఉండి తీరాలని పెట్టిన నిబంధనల మీద ఆయన కోపం పుస్తకంలో సగం ఆక్రమించింది. న్యాయమైన కోపమే, కానీ అదే వాదన అయిదుసార్లు చదివాక మూడువందల పేజీలు కోసేయాలనిపించింది. మన దగ్గర ఆ నిబంధనా ఉంది, దాని కోసం తవ్విన సెల్లారూ ఉంది, ఆ సెల్లార్లో జిరాక్సు షాపూ ఉంది. మోటార్ సైకిళ్ళ ఊరి గురించి ఆయన దగ్గర పెద్దగా ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆ పుస్తకం మన ఊళ్ళకి సరిపోయేలా ఎవరైనా మళ్ళీ రాయాలి.

రాసేవాళ్ళు సైకిల్ స్టాండు దగ్గర మొదలుపెట్టాలని నా సలహా. నా చిన్నప్పుడు సినిమాహాలుకి పోతే టికెట్ కన్నా ముందు స్టాండు. వాడు ఒక రేకు బిళ్ళ మన చేతికిచ్చి, అదే నంబరు బిళ్ళ హ్యాండిల్‌కి తగిలించేవాడు. రైల్వే స్టేషన్ దగ్గరా అంతే, బస్టాండు దగ్గరా అంతే. డబ్బు తీసుకుంటున్నారని ఎవరూ గొడవ చేసేవాళ్ళు కాదు. బండి ఎక్కడైనా పెడితే డబ్బివ్వడం అనేది అమెరికా నుంచి దిగిన ఆలోచన కాదు మనకి.

అంతకన్నా ముఖ్యమైంది ఆశీలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను, మా బజార్లో అరటిపళ్ళ బండి అతను రోజూ చీటీ తీసుకుని ఆశీలు కడతాడు. నాలుగడుగుల జాగా, ఆ నాలుగడుగుల మీద అతని ఇల్లు గడవాలి, దానికి రోజు అద్దె. అతని పక్కనే అంతకి మూడింతల జాగాలో పది లక్షల కారు నాలుగు గంటలు ఊరికే నిలబడుతుంది. ట్రాఫిక్ పోలీసులు వస్తే ముందు కదిలేది ఏదో చెప్పక్కర్లేదు. ‘ఫ్రీ పార్కింగ్’ అంటే ఏమిటో షూప్ ఏడువందల పేజీల్లో చెప్పింది ఆ రెంటినీ పక్కపక్కన చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇదంతా నాన్నకి చెప్పాను. చెప్పడం అంటే రెండు రాత్రులు కొట్టు కట్టేశాక భోజనాల దగ్గర వాదించుకోవడం.

“డబ్బులు కట్టమంటే మన కొట్టుకెవడొస్తాడురా? పెద్ద షోరూముకి పోతాడు. వాడికి సెల్లారుంది.”

“గిన్నెలు కొనేవాడు అరగంట ఉంటాడు నాన్నా. మొదటి అరగంట ఊరికే ఇద్దాం. ఆ తర్వాత గంటకింత. పన్నెండు గంటలు పెట్టేవాడు స్టేషన్ స్టాండుకి పోతాడు.”

“మరి నా బండి?”

“అదీ పోవాలి.”

అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. మజ్జిగన్నం కలుపుకుంటూ కాసేపటికి అసలు ప్రశ్న అడిగాడు. “సరే, పాట ఎవడు పాడతాడు? పాడినోడు మన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పదికి ఇరవై గుంజుతాడు. ఆ డబ్బులు ఎటు పోతయ్యో నీ పుస్తకంలో ఉందా?”

ఉంది, నిజానికి పాసడీనా కథకి ఆయువుపట్టే అది. డబ్బు ఆ వీధికే తిరిగి రాకపోతే వర్తకులు ఒప్పుకునేవాళ్ళే కాదు. మనకి అలాంటిది కుదరదని నాన్న నమ్మకం. నాకేమో పూర్తిగా అలా అనిపించదు. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ తోపుడు బళ్ళవాళ్ళే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. రోడ్డు వాడుకునేవాడికి ఆ రోడ్డు సంగతి తేల్చడంలో కుర్చీ వేయొచ్చని మన చట్టమే ఒప్పుకుంది. అదే పద్ధతిలో మెయిన్ రోడ్డుకి ఒక కమిటీ, దానికో విడి ఖాతా, నెలనెలా లెక్క గాంధీ బొమ్మ దగ్గర బోర్డు మీద. బళ్ళ డబ్బుతో ముందు మురిక్కాలవ మీద పలకలు వేయిస్తే నడిచేవాళ్ళు రోడ్డు మీద నుంచి పక్కకి వస్తారు. వెడల్పు చేయకుండానే అటూ ఇటూ మూడేసి అడుగులు.

పలకల మాట నాన్నకి నచ్చింది. ఏళ్ళ తరబడి ఆ కాలవ కంపు భరించినవాడు మరి. వర్తక సంఘంలో పెడతాను, అర్జీ రాసివ్వమన్నాడు. నేను మూడు పేజీలు రాశాను. “అర పేజీ దాటితే ఎవడూ చదవడు” అని కూర్చోబెట్టి కోయించాడు. పాసడీనా పోయింది. కనూత్ ఎలాగూ లేడు. 85 శాతం అన్నమాట కొట్టేయించి, దాని బదులు ‘ఎప్పుడు చూసినా ప్రతి కొట్టు ముందూ ఒక్క బండికి చోటు ఖాళీగా ఉండాలి’ అని రాయించాడు. షూప్ చెప్పింది అచ్చం అదే. వెడల్పు ఆపమని ఎక్కడా రాయనివ్వలేదు. ముందు ఇది ఆర్నెల్లు చేసి చూడండి, తర్వాత కొలవండి అని మాత్రం పెట్టాడు.

ఈ వ్యాసం పంపేనాటికి పదకొండు సంతకాలు వచ్చాయి. నాన్న బండి ఇప్పుడు స్టేషన్ స్టాండులో ఉంటోంది, నెలవారీ పాసు. మందుల షాపాయన ఇంకా సంతకం పెట్టలేదు. కానీ ఆ ఖాళీ అయిన జాగాలో ఆయన కొడుకు బండి పెడుతున్నాడట.